యుద్ధం నడుస్తుండగా రాష్ట్ర ఎన్నికలు వస్తే గెలుపు పాలక పక్షానిదేనా? క్వీన్స్‌లాండ్ అనుభవం

మీరు అడిగింది ఇది: 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం గెలిచాం, 1972 మార్చిలో జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ చాలా రాష్ట్రాలను ఊడ్చేసింది, మన ఆంధ్రప్రదేశ్‌లోనే 287 సీట్లకు 219 వచ్చాయి. కాబట్టి యుద్ధ కాలంలో రాష్ట్ర ఎన్నికలు పెడితే లాభం ఎప్పుడూ అధికారంలో ఉన్నవాళ్లదే అని సెమినార్ పేపర్లో రాయవచ్చా? వేరే దేశాల్లో దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ ఏదైనా ఉందా?

అలా రాయకండి. యుద్ధం నడుస్తుండగానే జరిగిన రాష్ట్ర ఎన్నికల్లో పాలక పక్షం చిత్తుగా ఓడిన సందర్భం ఉంది. అదే రాష్ట్రంలో, అదే యుద్ధం ఇంకా ముగియకముందే, దేశద్రోహులని ముద్ర వేయించుకున్న ప్రభుత్వం మరికొన్ని సీట్లు పెంచుకుని గెలిచిన సందర్భమూ ఉంది. రెండూ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో జరిగినవే. మొదటిది 1915 మే 22న, రెండోది 1918 మార్చి 16న జరిగాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాల్సిన ఎన్నికలు ఇవి.

నేను డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైర్ అయ్యాను. ఇప్పుడు బ్రిస్బేన్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి జాతీయ గ్రంథాలయం వాళ్లు పాత పత్రికలన్నిటినీ ట్రోవ్ అనే సైట్‌లో ఉచితంగా పెట్టారు. ఆ కాలపు పత్రికలు చదవడం నాకు రోజువారీ పనైంది. పాఠం చెప్పే రోజుల్లో నా దగ్గర లేని వివరాలు ఎన్నో వాటిలో దొరికాయి.

ముందు మీ 1972 ఉదాహరణ గురించి. అది యుద్ధ కాలపు ఎన్నిక కాదు. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్థాన్ సైన్యం లొంగిపోయింది. మూడు నెలల తర్వాత, గెలిచిన ఊపులో పోలింగ్ జరిగింది. రెండు వారాల్లో ముగిసిన యుద్ధం, తిరుగులేని విజయం. పైగా కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ ఒకే పార్టీ. అలాంటప్పుడు ఓటరు చూసేది గెలుపును. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో తెలియనప్పుడు, చనిపోయినవాళ్ల పేర్లు పత్రికల్లో వస్తూనే ఉన్నప్పుడు, కూరానారా ధరలు పైకి పోతున్నప్పుడు పోలింగ్ బూత్‌కు వెళ్లే మనిషి ఆలోచన వేరు. మీ పేపర్లో ముందు ఈ రెంటినీ విడదీయండి.

ఇక క్వీన్స్‌లాండ్. 1915లో అక్కడ ప్రీమియర్, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి, డిగ్బీ డెన్‌హామ్. లిబరల్ పార్టీ ఆయనది. 1912 ఆరంభంలో బ్రిస్బేన్‌లో పెద్ద సార్వత్రిక సమ్మె జరిగింది. డెన్‌హామ్ పోలీసులను దించి దాన్ని అణిచారు. ఆ వెంటనే ఏప్రిల్‌లో ఎన్నికలకు వెళ్లి, శాంతిభద్రతల పేరు చెప్పి తేలిగ్గా గెలిచారు. 72 సీట్ల సభలో లేబర్ పార్టీకి 25 మాత్రమే దక్కాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, డెన్‌హామ్‌కు సంక్షోభాన్ని ఓట్లుగా మలుచుకోవడం తెలుసు. యుద్ధం కూడా అలాగే కలిసొస్తుందని ఆ పార్టీవాళ్లు ఆశపడి ఉంటే అందులో వింతేమీ లేదు.

కానీ మూడేళ్లలో పరిస్థితి తిరగబడింది. 1914-15లో ఆస్ట్రేలియాను కరువు పట్టింది. గోధుమ పంట దెబ్బతిని రొట్టె ధర పెరిగింది. క్వీన్స్‌లాండ్ పశువుల రాష్ట్రం, అక్కడి సామాన్యుడి భోజనంలో మాంసం రోజూ ఉండేది. బ్రిటిష్ సైన్యానికి శీతలీకరించిన మాంసం పంపడానికి డెన్‌హామ్ ప్రభుత్వం 1914లో ప్రత్యేక చట్టం చేసింది. ఓడల్లో మాంసం వెళ్తోంది, ఊళ్లో కసాయి కొట్టు దగ్గర ధర పెరుగుతోంది. పశువులను పెంచే రాష్ట్రంలోనే మాంసం కొనలేని స్థితి ఏమిటన్నది మామూలు ఇల్లాలి ప్రశ్న. ప్రతిపక్ష నాయకుడు టి.జె. ర్యాన్ ఆ ప్రశ్ననే ఎన్నికల ప్రశ్నగా మార్చారు. ఆయన బారిస్టరు, పడమటి క్వీన్స్‌లాండ్‌లోని బార్కూ సీటు నుంచి సభకు వచ్చినవాడు, అప్పటికి వయసు 38. చౌక ఆహారం, లాభాల కోసం ధరలు పెంచేవాళ్ల మీద అదుపు, అవసరమైతే ప్రభుత్వమే దుకాణాలు పెట్టడం: ఆయన ప్రచార సారాంశం ఇదే.

యుద్ధం అప్పుడు ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఆస్ట్రేలియా సైనికులు టర్కీలోని గలిపొలి తీరంలో దిగింది 1915 ఏప్రిల్ 25న. పోలింగ్ మే 22న. నెల కూడా తిరగలేదు. మే మొదటి వారం నుంచి మృతుల, క్షతగాత్రుల జాబితాలు పత్రికల్లో వస్తున్నాయి. దేశభక్తి భావం ఇంతకంటే పైకి వెళ్లే అవకాశం లేదు. అయినా లేబర్‌కు 45 సీట్లు వచ్చాయి, ఓట్లలో సగానికి పైగా పడ్డాయి. డెన్‌హామ్ తన సొంత సీటు ఆక్స్‌లీలోనే ఓడిపోయారు. అంతకుముందు క్వీన్స్‌లాండ్‌లో లేబర్ పాలన అంటే 1899లో వారం రోజులు నడిచిన మైనారిటీ ప్రభుత్వమే. 1915 జూన్ 1న ర్యాన్ సొంత మెజారిటీతో ప్రీమియర్ అయ్యారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రజలు యుద్ధాన్ని వ్యతిరేకించి డెన్‌హామ్‌ను ఓడించారని రాస్తే అది పూర్తిగా తప్పవుతుంది. 1915లో లేబర్ కూడా యుద్ధాన్ని సమర్థించింది. అప్పుడు దేశ ప్రధాని ఆండ్రూ ఫిషర్, ఆయనా లేబరే, ఆయనా క్వీన్స్‌లాండ్ నుంచి ఎన్నికైనవాడే. ఆ ఫిషర్ గెలిచిన ఫెడరల్ ఎన్నిక, అంటే కేంద్ర ప్రభుత్వానికి జరిగిన ఎన్నిక కూడా యుద్ధం మొదలైన నెల రోజులకు, 1914 సెప్టెంబరు 5న జరిగింది. అందులోనూ ఓడింది పదవిలో ఉన్న జోసెఫ్ కుక్ ప్రభుత్వమే. అంటే యుద్ధం విషయంలో రెండు పక్షాలదీ ఒకే మాట. ఆ విషయంలో తేడా లేనప్పుడు ఓటరు తేడా ఉన్న విషయం వెతుక్కున్నాడు. తన రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నవి ధరలు, రైళ్లు, భూములు, కూలీల హక్కులు. సైన్యం దాని చేతిలో లేదు.

రెండో జాగ్రత్త ఓటింగ్ గురించి. ఓటు వేయడం తప్పనిసరి చేస్తూ డెన్‌హామ్ ప్రభుత్వమే 1914లో చట్టం తెచ్చింది. బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఇది మొదటిసారి. యూనియన్ల బలంతో లేబర్ తన ఓటర్లను బూత్‌కు రప్పించుకుంటోంది, తమవాళ్లే ఇంట్లో కూర్చుంటున్నారు, అందరినీ రప్పిస్తే తమకే మేలని లిబరల్స్ నమ్మారు. 1912లో సుమారు 75 శాతంగా ఉన్న పోలింగ్ 1915లో 88 శాతానికి చేరింది. లెక్క వాళ్లు అనుకున్నట్టు తేలలేదు. ఈ చట్టం వల్లే లేబర్ గెలిచిందని కొందరు రాస్తారు. నేను అంత దూరం వెళ్లను. 25 నుంచి 45 సీట్లకు ఎగబాకడం కొత్తగా వచ్చిన ఓటర్లతోనే సాధ్యం కాదు, పాత లిబరల్ ఓటర్లు కొందరు పక్క మారి ఉండాలి. కానీ ఆ 13 శాతాన్ని పక్కన పెట్టి ఫలితాన్ని వివరించడమూ సరికాదు. ఫెడరల్ ఎన్నికల్లో ఆస్ట్రేలియా ఇదే పద్ధతిని 1924లో తెచ్చుకుంది.

మూడోది ఎవరికి ఓటు ఉందన్నది. క్వీన్స్‌లాండ్ మహిళలకు 1905లోనే రాష్ట్ర ఓటు హక్కు వచ్చింది, కాబట్టి మాంసం ధర తెలిసిన ఇల్లాళ్లు ఆ ధర మీద ఓటు వేయగలిగారు. అదే చట్టం ఆస్ట్రేలియా ఆదివాసులకు, ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్ దీవుల మూలవాసులకు ఓటు లేకుండా చేసింది. మన దేశం నుంచి వెళ్లి అక్కడ చెరకు తోటల్లో, పొలాల్లో పనిచేసినవాళ్లకూ ఓటు లేదు. బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాళ్లకు ఫెడరల్ ఓటు దక్కింది 1925లో. 88 శాతం పోలింగ్ అని రాసేటప్పుడు అది జాబితాలో ఉన్నవాళ్లలో 88 శాతమేనని పక్కన తప్పక రాయండి. ఈ మాట రాయని పుస్తకాలు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

ర్యాన్ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారా అంటే, పెద్దగా తాత్సారం చేయలేదు. 1915 నవంబరులోనే బ్రిస్బేన్ రోమా స్ట్రీట్‌లో ప్రభుత్వ మాంసం దుకాణం తెరిచారు, తర్వాత రాష్ట్రమంతా పెట్టుకుంటూ పోయారు. మిల్లు యజమానులు చెరకు రైతుకు ఎంత చెల్లించాలో తేల్చే బోర్డులు 1915 చట్టంతో వచ్చాయి. 1916లో కార్మికుల నష్టపరిహార చట్టం, దానితోపాటు ప్రభుత్వ బీమా వచ్చాయి. ఆర్థిక శాఖ చూసిన ఎడ్వర్డ్ థియోడర్ తర్వాత తానే ప్రీమియర్ అయ్యారు. చెరకు బోర్డులను తక్కువగా చూడకండి. అంతవరకు లేబర్ అంటే కూలీల పార్టీ. ధర మీద భరోసా దొరికాక చిన్న చెరకు రైతు కూడా ఆ వైపు చూడటం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత వచ్చింది నిర్బంధ సైనిక సేవ గొడవ. ప్రధాని పదవి బిల్లీ హ్యూస్‌కు వచ్చింది. యువకులను బలవంతంగా విదేశీ యుద్ధానికి పంపే అధికారం కోసం ఆయన 1916 అక్టోబరు 28న ఒకసారి, 1917 డిసెంబరు 20న ఇంకోసారి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. దేశం రెండుసార్లూ వద్దంది. క్వీన్స్‌లాండ్ కూడా రెండుసార్లూ వద్దంది. లేబర్ పార్టీ నిలువునా చీలింది, హ్యూస్ బయటికి వెళ్లి నేషనలిస్టు పార్టీ కట్టారు. రాష్ట్రాల ప్రీమియర్లలో నిర్బంధ సేవకు ఎదురు నిలిచింది ర్యాన్ ఒక్కరే.

1917 నవంబరులో జరిగిన ఘటనలు చదివితే ఒక ఫెడరల్ దేశంలో ఇలా జరిగిందా అనిపిస్తుంది. నిర్బంధ సేవకు వ్యతిరేకంగా ర్యాన్ చేసిన ప్రసంగంలో కొన్ని భాగాలను సైనిక సెన్సార్లు కొట్టేశారు. ఆయన వాటినే శాసనసభలో చదివి, సభా కార్యకలాపాల నివేదిక అయిన హన్సార్డ్‌లోకి ఎక్కించారు. నవంబరు 26న హ్యూస్ స్వయంగా సైనికులతో వెళ్లి బ్రిస్బేన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయం మీద దాడి చేసి ఆ ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. ఒక దేశ ప్రధాని, ఒక రాష్ట్ర శాసనసభ నివేదికను! మూడు రోజుల తర్వాత వార్విక్ రైల్వే స్టేషన్‌లో ఎవరో ఆయన మీదికి కోడిగుడ్డు విసిరారు. విసిరినవాణ్ణి అరెస్టు చేయమంటే అక్కడి రాష్ట్ర పోలీసు అధికారి, నేను క్వీన్స్‌లాండ్ చట్టానికే బద్ధుణ్ణి అన్నారు. హ్యూస్ వెంటనే కేంద్రానికి సొంత పోలీసు దళం ఏర్పాటు చేశారు.

ఈ వేడిలో వచ్చింది 1918 మార్చి 16 ఎన్నిక. ర్యాన్ ఐరిష్ మూలాలున్న కేథలిక్. బ్రిటిష్ పాలన మీద ఐర్లండ్‌లో జరిగిన 1916 డబ్లిన్ తిరుగుబాటు తర్వాత ఐరిష్ పేరున్న ప్రతివాడినీ అనుమానించే రోజులవి. ర్యాన్ ప్రభుత్వం సామ్రాజ్యానికి విధేయం కాదు, దాన్ని గెలిపిస్తే శత్రువుకు సంతోషం, ఇదీ ఎదుటి పక్షం ప్రచారం. ఫలితం: 72లో లేబర్‌కు 48. గతంకంటే మూడు సీట్లు ఎక్కువ.

మీ పేపర్‌కు అన్నిటికంటే విలువైన తేదీ 1917 మే 5 అని నా అభిప్రాయం. ఆ రోజు దేశమంతా ఫెడరల్ ఎన్నిక జరిగింది. హ్యూస్ నేషనలిస్టులు ఘనంగా గెలిచారు, కేంద్ర చట్టసభలో ఎగువ సభ అయిన సెనేట్‌లో, క్వీన్స్‌లాండ్ సీట్లతో సహా పోటీ జరిగిన స్థానాలన్నీ వాళ్లకే పోయాయి. అదే రోజు క్వీన్స్‌లాండ్‌లో ఇంకో ఓటు కూడా ఉంది. ర్యాన్ బిల్లులను అడ్డుకుంటున్న ఎగువ సభను, అంటే జీవితకాల నియామకాలతో నడిచే లెజిస్లేటివ్ కౌన్సిల్‌ను, రద్దు చేయాలా వద్దా అని. ప్రజలు సుమారు 60 వేల ఓట్ల తేడాతో వద్దన్నారు. ఇప్పుడు వరుసగా చూడండి. మే 1917లో సెనేట్‌కు హ్యూస్ మనుషులు, అదే రోజు ర్యాన్ ముఖ్య ప్రతిపాదన తిరస్కరణ, డిసెంబరులో హ్యూస్ నిర్బంధ సేవ తిరస్కరణ, మార్చి 1918లో ర్యాన్‌కు మళ్లీ అధికారం. పది నెలల్లో ఒకే జనం ఇచ్చిన నాలుగు తీర్పులు ఇవి. పార్టీ మీద గుడ్డి అభిమానంతోనో, యుద్ధావేశంతోనో వేసే ఓటు ఇలా ఉండదు. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చూసి వేసినట్టుంది. ఆ కౌన్సిల్‌ను చివరికి 1922లో థియోడర్ ప్రభుత్వం చట్టసభ ద్వారానే రద్దు చేసింది. నేటికీ ఆస్ట్రేలియాలో ఒకే సభ ఉన్న రాష్ట్రం క్వీన్స్‌లాండ్ ఒక్కటే.

పాలక పక్షానికి లాభించిన ఉదాహరణ కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పక్కనే ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో ప్రీమియర్ విలియం హోల్‌మన్ లేబర్‌వాడే, కానీ నిర్బంధ సేవను సమర్థించి పార్టీ నుంచి బహిష్కరణకు గురయ్యారు. ప్రతిపక్ష లిబరల్స్‌తో కలిసి నేషనలిస్టు ప్రభుత్వం కట్టి 1917 మార్చి 24న ఎన్నికకు వెళ్లి గెలిచారు. కాబట్టి యుద్ధ కాలంలో పాలక పక్షం ఓడుతుందనే సూత్రమూ చెల్లదు. అయితే హోల్‌మన్ గెలుపు 1920 వరకే. యుద్ధం ముగిశాక జరిగిన మొదటి ఎన్నికలో ప్రభుత్వమూ పోయింది, ఆయన సీటూ పోయింది. ర్యాన్ పార్టీ మాత్రం క్వీన్స్‌లాండ్‌లో 1929-32 మధ్య కాలం తప్ప 1957 దాకా అధికారంలో ఉంది. ర్యాన్ అది చూడలేదు. 1919లో ఫెడరల్ రాజకీయాలకు వెళ్లి, 1921లో న్యుమోనియాతో చనిపోయారు.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఒక ఉదాహరణ కావాలంటే న్యూ సౌత్ వేల్స్‌నే 1941 మే 10న చూడండి. అలెగ్జాండర్ మెయిర్ ప్రభుత్వం ఓడి, విలియం మెకెల్ నాయకత్వంలో లేబర్ గెలిచింది. గ్రామీణ సీట్లలోనూ నిలబడగల అభ్యర్థులను ఎంచుకోవడం మెకెల్ బలం. లేబర్ అంతర్గత కలహాలతో తొమ్మిదేళ్లు అధికారానికి దూరమైన రాష్ట్రం అది. అక్కడ యుద్ధంకంటే పార్టీ ఇల్లు చక్కబడటమే పెద్ద కారణమని నేను అనుకుంటాను.

మన దగ్గర పోల్చడానికి ఏముంది అని మీకు అనిపించవచ్చు. ఉన్నది ఎన్నిక జరగకపోవడం. 1937లో మద్రాసు రాష్ట్రంలో గెలిచిన రాజాజీ ప్రభుత్వం, భారతీయులను అడగకుండానే బ్రిటన్ మనల్ని యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా 1939 అక్టోబరులో రాజీనామా చేసింది. ఆ తర్వాత గవర్నర్ పాలన. కోస్తా, రాయలసీమ జిల్లాల ఓటరుకు మళ్లీ శాసనసభ ఎన్నిక వచ్చింది 1946లోనే, అప్పుడు టంగుటూరి ప్రకాశం ప్రీమియర్ అయ్యారు. అదే సామ్రాజ్యం, అదే యుద్ధం. సిడ్నీ ఓటరు 1941లో ప్రభుత్వాన్ని మార్చగలిగాడు, గుంటూరు ఓటరుకు ఆ అవకాశమే లేదు. మీ పేపర్లో దీనికి ఒక పేరా తప్పకుండా ఇవ్వండి.

పని ఎలా చేయాలంటే, నా పద్ధతి ఇది. ఏ యుద్ధ కాలపు ఎన్నికనైనా చూసేటప్పుడు ముందు దానికి ముందరి ఎన్నిక ఫలితం పక్కన పెట్టుకుంటాను. తర్వాత ఆ ప్రభుత్వం చేతిలో నిజంగా ఏ అధికారాలు ఉన్నాయో రాసుకుంటాను, ఎందుకంటే రాష్ట్ర ప్రభుత్వాన్ని సైన్యం గురించి శిక్షించడం అరుదు. ఇక్కడ కూడా గీత స్థిరంగా ఉండదు. 1916లో రొట్టె ధర నిర్ణయించే అధికారం యుద్ధం పేరుతో కేంద్రానికి ఉందని ఆస్ట్రేలియా హైకోర్టు ఒక కేసులో తేల్చింది. అప్పటిదాకా రాష్ట్రం మీద పడ్డ ధరల కోపంలో కొంత కేంద్రం వైపు మళ్లడానికి అది దారి తీసింది. ఆ తర్వాత, ఏడాది అటూ ఇటూగా అదే ఓటర్లు ఇంకేదైనా ఓటు వేశారా అని వెతుకుతాను. మే 1917 నాకు అలాగే దొరికింది.

పత్రికల విషయంలో ఒక హెచ్చరిక. బ్రిస్బేన్ కొరియర్ లిబరల్స్ వైపు రాసేది, డెయిలీ స్టాండర్డ్ లేబర్ పత్రిక. ఒక్కటే చదివితే మీ పేపర్ ఒక పార్టీ కరపత్రం అవుతుంది. 1915 మే 15 నుంచి 24 దాకా రెండిటి సంచికలూ తీసుకుని, మాంసం ధరల మీద ఎవరు ఏం రాశారో పక్కపక్కన రాసుకోండి. 1918కి వచ్చేసరికి సెన్సార్ ఉంది, కాబట్టి పత్రికలో ఒక మాట లేనంతమాత్రాన ఆ మాట ఎవరూ అనలేదని తేల్చేయకండి. చెరకు పండే ఉత్తరాది నియోజకవర్గాల ఓట్లను 1912, 1915, 1918 వరుసలో పట్టిక వేయండి, రైతు ఎప్పుడు కదిలాడో అందులో కనిపిస్తుంది. పట్టిక వేశాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.